అడగండి చెప్తా: చుట్టూ సముద్రముంటే వానలు వాటంతటవే పడతాయా?

ప్రశ్న: అయ్యా, మాది ధర్మవరం దగ్గర పల్లె. శ్రీలంకలో మ్యాచ్ జరుగుతాంటే మా పిల్లోడు టీవీ పెట్టినాడు, ఇట్లా చూస్తాంటేనే వాన వచ్చి ఆట నిలబడిపాయె. మేమేమో శెనక్కాయ వేసి మొగులు దిక్కు చూసేదే సరిపోతాంది. వాళ్లకు చుట్టూ సముద్రం ఉండాది కాబట్టి వాన, మాకు సముద్రం దూరం కాబట్టి లేదు, అంతేనా?

జవాబు: సగమే కరెక్టన్నా. సముద్రం ఇచ్చేది తేమ ఒక్కటే, ఆ తేమ వానగా దిగాలంటే గాలిని పైకి తోసేది ఏదో ఒకటి ఉండాల. శ్రీలంకకు నడిమధ్యలో కొండలున్నాయి, అన్నిటికన్నా ఎత్తైన పిదురుతలాగల 2,524 మీటర్లు. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి సముద్రం మీది నుంచి తిన్నగా వచ్చి ఆ కొండలకు కొట్టుకుంటుంది, పైకెక్కి చల్లబడి పడమటి దిక్కే కుమ్మరించేస్తుంది. ఆ వాలుల్లో కొన్నిచోట్ల ఏడాదికి 5,000 మిల్లీమీటర్లు దాటుతుంది, మన అనంతపురానికి సుమారు 550.

ఇంక అసలు సంగతి విను. అదే గాలి కొండ దాటి తూర్పుకు దిగేసరికి దాంట్లో తడి ఉండదు, ఎండిపోయి వేడెక్కి వీస్తుంది, అక్కడి తమిళులు దాన్ని కచ్చాన్ అంటారు. పట్టిపొల స్టేషన్ దాటినాక రైలు ఒక సొరంగంలో దూరుతుంది, ఈ పక్క మంచూ వానా ఉంటే ఆ పక్క ఎండ కాస్తాంటుందని అక్కడోళ్లు మురిపెంగా చెప్పుకుంటారు. మనకూ జరిగేది ఇదే, కాకపోతే మన కొండ పడమటి కనుమలు. కర్ణాటకలో ఆగుంబెకు 7,000 మిల్లీమీటర్ల పైన పడుతుంది, అక్కడ్నుంచి మన ఊరు సుమారు 300 కిలోమీటర్లు, ఆ గాలి మన దాకా వచ్చేసరికి ఖాళీ కుండ. పోనీ ఈశాన్య గాలన్నా ఆదుకుంటుందా అంటే దానికి తూర్పున వెలికొండ, శేషాచలం, నల్లమల అడ్డం, పైగా దూరం. రెండు పక్కలా కొండలు వీపు చూపించే చోట పడినాం మనం, అదీ మన ఖర్మ.

సముద్రమే వాన ఇచ్చేదైతే హంబన్‌తోట చూడు. శ్రీలంక ఆగ్నేయాన సముద్రం ఒడ్డునే ఉన్న ఊరు, అయినా వెయ్యి మిల్లీమీటర్ల చిల్లరే, ఎందుకంటే గాలికి ఎదురుగా నిలబడే కొండ అక్కడ లేదు. ఎండ బాగా కాస్తుంది కాబట్టి ఉప్పు పండిస్తారు. (అది వాళ్లకు కరువు ప్రాంతమన్నా, మనకు రెండింతలు అయినా!)

ఆ దేశంలో ఎండు ప్రాంతమే ఎక్కువ. మనకు ముంగారు హింగారు ఉన్నట్టు వాళ్లకు యల, మహా అని రెండు పంట కార్లు, ఉత్తరానికీ తూర్పుకూ అక్టోబరు నుంచి పడే వానే ఆధారం కాబట్టి మహానే పెద్ద పంట. ఆ నాలుగు నెలల నీళ్లు ఏడాదంతా రావాలంటే చెరువులు కట్టక తప్పలేదు. 5వ శతాబ్దంలో ధాతుసేనుడనే రాజు కళా వెవ అనే చెరువు కట్టించినాడు, 12వ శతాబ్దంలో పరాక్రమబాహు పొలొన్నరువలో పరాక్రమ సముద్రం కట్టించినాడు. మన దిక్కూ ఇట్లాంటి పాత చెరువులున్నాయి, కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది, ఎప్పుడన్నా ఆ పక్క పోతే చూసి రా.

పంటలు కూడా అంతే. తడి పక్క తేయాకు, రబ్బరు, తీరం వెంబడి గాల్, మాతర దిక్కు దాల్చిన చెక్క. మన అంగళ్లలో దాల్చిన చెక్క అని అమ్మే మందపాటి పట్ట చాలావరకు కేసియా, అది వేరే చెట్టు. తేయాకులో ఇంకో తమాషా ఉంది, తూర్పున ఉవ కొండల్లో ఆకుకు మంచి వాసన పట్టేది జులై నుంచి సెప్టెంబరు దాకా, అంటే ఆ ఎండు గాలి తగిలినప్పుడే. పడమటి కొండల్లో అయితే జనవరి నుంచి మార్చి దాకా, అప్పుడు అక్కడ పొడి కాలం.

ప్రశ్న: సార్, నేను కడపలో డిగ్రీ చదువుతున్నా. శ్రీలంకలో రత్నపుర అని ఊరి పేరే ఉంది, మనకేమో జొన్నగిరి, వజ్రకరూరు దిక్కు వాన పడితే జనం వజ్రాలు వెతుకుతారు. ఇవి కూడా ద్వీపం ఉన్న చోటును బట్టే వస్తాయా?

జవాబు: లేదమ్మా, దీనికి మ్యాప్ కన్నా రాయి వయసు ముఖ్యం. శ్రీలంకలో పదింట తొమ్మిది వంతులు చాలా పాతకాలపు రాయి, ఒకప్పుడు గోండ్వానా అనే పెద్ద ఖండంలో మన దక్షిణాదికీ మడగాస్కర్‌కూ అంటుకుని ఉండేది, లోపల వేడికీ ఒత్తిడికీ మాగిన రాయి. నీలాలు, కెంపులు అందులో పుట్టినాయి. తర్వాత వానలు ఆ కొండల్ని అరగదీస్తే ఏర్లు బరువైన రాళ్లను అడుగున చేర్చినాయి, ఆ గులకరాళ్ల పొరను వాళ్లు ఇల్లం అంటారు, గుంత తవ్వి తట్టల్లో కడిగి ఏరుకుంటారు. రత్నపుర తడి ప్రాంతంలోనే ఉంది కాబట్టి వాన చెయ్యి లేదనలేం, కానీ పుట్టించింది వాన కాదు.

మన వజ్రాల కథ వేరే. లోతు నుంచి కింబర్‌లైట్ అనే రాయి వజ్రాలను మోసుకుని పైపుల మాదిరి పైకి వచ్చింది, అది మట్టయిపోయి చేలల్లో కలిసింది, తొలకరికి పైమట్టి కొట్టుకుపోతే మెరుస్తాయి.

అంత పాత రాయి కావడం వల్లే వాళ్లకు బొగ్గు గనుల్లేవు. గ్రాఫైట్ మాత్రం ఉంది, బొగల గని పేరున్నది. నొరొచ్చోలె కరెంటు ప్లాంటుకు బొగ్గు ఓడల్లో తెచ్చుకోవాల్సిందే, లేకుంటే మహావెలి నది మీది డ్యాములు, ఆ ఏడు వాన తగ్గితే కరెంటుకూ ఇబ్బందే. మీ పాత ఉమ్మడి కడప జిల్లా మంగంపేట ముగ్గురాయి (బెరైటిస్) ఎక్కువగా ఆయిల్ బావులు తవ్వేదానికే పోతుంది, మన రాయలసీమలో ఆయిలేమో లేదు. భూమి పంపకం అట్లుంటుంది!

ప్రశ్న: కర్నూలు కన్నా కొలంబో భూమధ్యరేఖకు దగ్గర కదా, మరి అక్కడ మనకన్నా ఎండలు ఎందుకు తక్కువ?

జవాబు: నీళ్లు తొందరగా వేడెక్కవు, మన బండ నేల పొద్దున పదికే కాలిపోతుంది. కొలంబో 7 డిగ్రీల దగ్గర ఉంది, అక్కడ పగలూ రాత్రీ ఏడాదంతా ఇంచుమించు సమానం, సముద్రం గాలి, మబ్బు, దాంతో ఏ నెలైనా సగటున 27, 28 డిగ్రీలు. నువర ఎలియకు ఎక్కితే 16. మనకు మే నెలలో 43 మామూలే. అట్లని అక్కడ హాయిగా ఉంటుందనుకోవద్దు, చెమట ఆరదు. రోహిణి కార్తెలో మన మిద్దె మీద ఆరేసిన పంచె అరగంటలో అప్పడమైపోతుంది, కొలంబోలో వానాకాలం పొద్దున వేసింది సాయంత్రానికి కూడా తడితడిగానే ఉంటుంది.