జ్ఞాపకశక్తి మాత్రల సీసా కొనే ముందు

చి. ల. సౌ. మేనకోడలికి పర్లాకిమిడి నుంచి మావయ్య ఆశీర్వదించి వ్రాయునది.

చదివినది నిలవడం లేదనీ, మధ్యాహ్నం క్లాసులో కళ్ళు మూతలు పడుతున్నాయనీ, బరంపురం హాస్టల్లో తోటి పిల్లలు వాడుతున్న మాత్రల సీసా నువ్వు కూడా కొనుక్కోవచ్చునా అనీ అడిగావు. ఆసుపత్రి మందుల గదిలోనే ఉద్యోగ జీవితం గడిపినవాణ్ణి కనుక, నీకు ఒక్క ముక్కలో వద్దని చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు.

నువ్వు పంపిన ఫోటోలో సీసా మీది చీటీని పెద్దది చేసి చదివాను. బ్రాహ్మి, అశ్వగంధ, గింకో అనే చెట్టు ఆకు, ఇంకా రెండు పేర్లు వరసగా వేసి, అన్నిటికీ కలిపి 500 మిల్లీగ్రాములని ఒకే అంకె ఇచ్చారు. ఏది ఎంత ఉందో చెప్పనప్పుడు అది పనిచేస్తుందో లేదో అంచనా వేయడం ఎవరికీ సాధ్యం కాదు. బ్రాహ్మి మీద జరిగిన పరీక్షల్లో ఎక్కువగా రోజుకు 300 మిల్లీగ్రాముల సారం చొప్పున 12 వారాల పాటు ఇచ్చి చూశారు. నేర్చుకున్నదాన్ని కొంతసేపు గడిచాక గుర్తుకు తెచ్చుకోవడంలో కొన్నిటిలో స్వల్పమైన మెరుగు కనిపించిన మాట నిజమే కానీ, వికారం, విరేచనాలు పట్టుకున్నవారూ ఉన్నారు. నీ చదువు పరీక్షలు రెండు నెలల్లో పెట్టుకుని ఇప్పుడు మొదలుపెడితే నీకు దక్కేది కడుపునొప్పే కావచ్చు. గింకోను అమెరికాలో 75 ఏళ్ళు పైబడిన మూడు వేల మందికి పైగా వృద్ధుల మీద ఏళ్ళ తరబడి పరీక్షించారు. అది మతిమరుపు వ్యాధిని ఆపలేకపోయిందని 2008లో తేలింది. అశ్వగంధ వాడినవారిలో కొందరికి కాలేయం దెబ్బతిన్న ఉదంతాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. మన అంగట్లో థాల్‌కుడి అని కట్టలు కట్టి అమ్మే సరస్వతి ఆకు ఈ బ్రాహ్మి కాదు, వేరే మొక్క, దాన్ని పచ్చడి చేసుకుని తింటే నాకేమీ అభ్యంతరం లేదు.

నేను నిజంగా ఆలోచిస్తున్నది వేరే విషయం. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని కూడా రాశావు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు కనిపించింది. ఇనుము తక్కువైతే ఒళ్ళు అలసిపోవడమే కాదు, మెదడుకు కూడా చురుకు తగ్గుతుంది. బాల్టిమోర్ నగరంలో, ఇంకా రక్తహీనత దాకా పోకపోయినా ఇనుము నిల్వలు తగ్గిన హైస్కూలు అమ్మాయిలకు 8 వారాలు ఇనుము మాత్రలిస్తే, మాటల్ని నేర్చుకుని గుర్తుపెట్టుకునే పరీక్షలో వాళ్ళు ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళకంటే మెరుగ్గా చేశారు. ఆ ఫలితం 1996లో వెలువడింది. అంటే లోటు ఉన్నచోట మాత్ర మేలు చేస్తుంది. లోటు లేనివాళ్ళకు అదే మాత్ర అదనంగా తెలివిని తెచ్చిపెట్టదు.

అందుచేత సీసా కోసం దాచిన డబ్బులో కొంత పెట్టి ముందు రక్తపరీక్ష చేయించుకో, లేదా మీ బరంపురంలోని ఎం.కె.సి.జి. ఆసుపత్రి ఓ.పి.కి వెళ్ళు. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే డాక్టరు మాత్రలు రాస్తారు. పరీక్ష లేకుండా నీ అంతట నువ్వు రోజూ ఇనుము మింగవద్దని గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే మన ప్రాంతంలో సికిల్ సెల్, తలసీమియా అనే వంశపారంపర్య రక్త జబ్బుల లక్షణాలున్న కుటుంబాలు తక్కువేమీ కావు, వాళ్ళలో ఇనుము లోటు లేకుండానే రక్తం తక్కువగా కనిపించవచ్చు. బడిలో వారానికొకసారి ఇచ్చిన నీలం మాత్ర సంగతి వేరు; అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి, అది వారానికి ఒకటే.

డాక్టరు రాస్తే వేసుకునే పద్ధతి ఇది. టీ తాగిన వెంటనే వేసుకుంటే ఇనుము ఒంటికి సరిగా పట్టదు కనుక టీకి, మాత్రకు కనీసం గంట ఎడం ఉంచి, నిమ్మరసం కలిపిన నీళ్ళతో మింగు. కడుపులో తిప్పితే అన్నం తిన్నాక వేసుకో. విరేచనం నల్లగా అవుతుంది, దానికి భయపడనక్కరలేదు. చోడి అంబలి, మునగాకు, చిన్న చేపలు మానవద్దు. మీ అమ్మలాగా నువ్వు కూడా గుడ్డు, చేప ముట్టకపోతే, పాలు పెరుగు కూడా అంతంతమాత్రమైతే, బి12 కూడా చూపించుకోవాలి; ఆ విటమిన్ ఆకుకూరల్లో దొరకదు, దాని లోటు కూడా మరుపును తెస్తుంది.

రాత్రి మేలుకోవడానికి డబ్బాల్లో అమ్మే ఎనర్జీ డ్రింకుల జోలికి పోకు. కాఫీ, టీలు కూడా సాయంత్రం నాలుగు దాటాక వద్దు, తాగిన కెఫీన్‌లో సగం అయిదారు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది. పగలు చదివినదాన్ని మెదడు నిద్రలోనే గట్టిపరుచుకుంటుంది. నీ వయసుకు ఎనిమిది గంటలైనా నిద్ర కావాలి. నువ్వు ఇప్పుడు ఐదు గంటలు పడుకుంటున్నానంటున్నావు, మధ్యాహ్నం కళ్ళు మూతపడటానికి అదొక్కటే చాలు.

ఇంకొక్క మాట. ఎవరైనా సీనియర్లు మొడాఫినిల్ అనో, మిథైల్‌ఫెనిడేట్ అనో చేతిలో పెడితే తీసుకోవద్దు తల్లీ. అవి డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందులు, గుండెదడ, నిద్రలేమి తెస్తాయి.

రిపోర్టు రాగానే ఫోటో తీసి పంపు. హిమోగ్లోబిన్‌తో పాటు ఎం.సి.వి. (ఎర్ర రక్తకణాల సగటు పరిమాణం) అన్న వరస కూడా స్పష్టంగా కనబడాలి, ఇనుము లోటు ముదిరితే ఆ అంకె తగ్గుతుంది, తలసీమియాలో కూడా తగ్గుతుంది. అది చూసేదాకా ఆ సీసా కొనకు.

ఇట్లు,
మీ మావయ్య