నోటీసు అంటించాం కదా!

ప్రశ్న: మేడమ్ గారూ, మా అబ్బాయి ఇంటర్ సెకండియర్. వారం నుంచి భుజం మీద తువ్వాలుతో ఇల్లంతా తిరుగుతున్నాడు. "ఫిజిక్స్ ఎంతవరకు వచ్చిందిరా" అంటే "నలభై రెండు" అంటాడు. "కూరలో ఉప్పు సరిపోయిందా" అన్నా నలభై రెండే. చివరికి మెటీరియల్ పుస్తకాల కింద 'ది హిచ్‌హైకర్స్ గైడ్ టు ది గెలాక్సీ' అనే నవల దొరికింది. వాళ్ళ నాన్నగారు చూస్తే ఇంట్లో రభసే. ఆ మధ్య మీరు ఇదే శీర్షికలో ఆ నవలను మెచ్చుకున్నట్టు గుర్తు. రాకెట్లు, గ్రహాంతరవాసులు, పైగా జోకులు... ఇలాంటివి చదివితే బతుక్కి పనికొచ్చేది ఏమైనా ఉంటుందా? మీకేం ఒరిగింది?

– ఒక తల్లి, తణుకు

జవాబు: అమ్మా, ముందు మీ టెన్షన్ తీరుస్తాను. పిల్లాడి బుర్ర భేషుగ్గా ఉంది. ఆ నవలలో ఒక మహా కంప్యూటర్‌ని "జీవితం, విశ్వం, సమస్తం... వీటికి జవాబేమిటి?" అని అడుగుతారు. అది 75 లక్షల సంవత్సరాలు ఆలోచించి "42" అంటుంది. అసలు ప్రశ్నేమిటో అడిగినవాళ్ళకే తెలియదు, అదీ తమాషా. ఇక తువ్వాలంటారా, అంతరిక్షంలో తిరిగేవాడికి అంతకు మించిన సాధనం లేదని అందులో ఒక పేజీడు వర్ణన. మా తాతగారు చదివి ఉంటే "ఇది కూడా రాయాలిటోయ్" అనేవారు. ఆయన తుండు తలపాగా, దిండు, విసనకర్ర, సంతలో సంచీ, అన్నీ అదే.

డగ్లస్ ఆడమ్స్ అనే ఇంగ్లండు ఆయన దీన్ని 1978లో బీబీసీ రేడియోకి నాటకంగా రాసి, మరుసటి ఏడు నవలగా తెచ్చాడు. మా అబ్బాయి హాస్టల్ పెట్టెలోంచి తీసి 2003లో నేను చదివాను, పక్కన డిక్షనరీ పెట్టుకుని.

మొదటి అధ్యాయంలోనే చిక్కుకున్నాను. ఆర్థర్ డెంట్ అనే ఆయన పొద్దున్నే లేచేసరికి ఇంటి ముందు బుల్డోజర్. బైపాస్ రోడ్డు కోసం ఇల్లు కూల్చాలట. "ప్లాను తొమ్మిది నెలలుగా ఆఫీసులో ఉంది, అభ్యంతరం చెప్పుకోవలసింది" అంటాడు కౌన్సిల్ మనిషి. అది ఎక్కడుందయ్యా అంటే నేలమాళిగలో. దీపం లేదు, మెట్లు లేవు. వాడకంలో లేని మరుగుదొడ్డిలో తాళం వేసిన బీరువా అడుగున ఉంది. తలుపు మీద "చిరుతపులి ఉంది, జాగ్రత్త" అని బోర్డు. పగలబడి నవ్వాను. రెండు నిమిషాలకి నవ్వు ఆగిపోయింది.

ఎందుకంటే ఆ కౌన్సిల్ మనిషిని నేనే. అప్పటికి పదిహేనేళ్ళుగా భూసేకరణ సెక్షన్‌లో నా ఉద్యోగం. అప్పుడు అమల్లో ఉన్నది 1894 నాటి చట్టం. నాలుగో సెక్షన్ కింద నోటిఫికేషన్ గెజిట్‌లో వేయాలి, రెండు దినపత్రికల్లో వేయాలి, ఊళ్ళో నలుగురికీ కనబడే చోట ప్రకటించాలి. ఆపైన 30 రోజుల్లో అభ్యంతరాలు తీసుకోవాలి. 1998లో ఒక ఊళ్ళో బైపాస్ పనికి నోటీసు నేనే దగ్గరుండి చావడి గోడకి అంటింపించాను. మర్నాడు ఆ గోడకి ఆనించి రేషను బియ్యం బస్తాలు పేర్చారు.

గడువు దాటిన నాలుగో రోజున ఒక ముసలావిడ బడిపిల్లాడితో రాయించుకున్న కాగితం పట్టుకుని వచ్చింది. "టైమైపోయింది మామ్మా, నోటీసు అంటించాం కదా" అన్నాను. ఫైలు ప్రకారం నా తప్పేమీ లేదు. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "నాకు చదువు రాదు కదమ్మా. మా ఈదిలోకి వచ్చిన దానివి, ఒక్క మాట నోటితో చెప్పలేకపోయావా?" అంది. నాకు కోపం వచ్చింది కూడా. అయిదేళ్ళ తరువాత ఒక ఇంగ్లండువాడి వెటకారం చదివితే గానీ ఆవిడ అన్నది నా చెవికెక్కలేదు.

ఆ తరువాత రిటైరయ్యేదాకా నోటీసు అంటించిన ప్రతి ఊళ్ళోనూ దండోరా వేయించాను, సర్వే నంబర్లు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. దాంతో రోడ్లేమీ పక్కకి జరగలేదు. అభ్యంతరాల కట్ట మాత్రం లావెక్కింది, పై అధికారి నన్ను చూస్తే మొహం చిట్లించేవాడు. మీరు అడిగారు కనుక చెప్తున్నాను, నాకు ఒరిగింది ఇదే.

నవల అంతా బంగారమని అనను. రేడియోకి వారం వారం రాసింది కావడంతో వెనక సగం ఎటు పడితే అటు పోతుంది. ట్రిలియన్ అనే అమ్మాయి ఖగోళ భౌతిక శాస్త్రం చదివినదైనా పాపం ఆమెకి పని చూపించలేదు. ఇంకోటి, ఆడమ్స్ ఏ పుస్తకమూ సమయానికి ఇచ్చిన మనిషి కాదు. నాలుగో నవల కోసం సోనీ మెహతా అనే మన దేశపు ప్రచురణకర్త ఆయనతోపాటు హోటల్లో మకాం వేసి రాయించాల్సి వచ్చింది. రికార్డులు రాయడంలో మీ వాడు ఈ పద్ధతి పట్టుకోకుండా చూసుకోండి.

పుస్తకం మాత్రం దాచకండి. "ఎందుకురా ఇది" అనకుండా "ఏ పేజీ దగ్గర ఎక్కువ నవ్వావు?" అని అడగండి, నలభై రెండు కాని జవాబు వస్తుంది. నాన్నగారికి ఆ మొదటి అధ్యాయం వాడి చేతే తెలుగులో చెప్పించండి. ఆయన ఏ ఆఫీసులో పని చేస్తారో మీరు రాయలేదు. టౌన్ ప్లానింగ్ అయితే భోజనం అయ్యాక చెప్పించండి.