శాంతి దళానికి దారి ఇక్కడి యూనిఫాం నుంచే

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది. ఐక్యరాజ్యసమితి శాంతి దళంలో పనిచేస్తానని పట్టుబట్టింది. యుద్ధాలు జరిగే చోటికి ఆడపిల్లను పంపడమంటే నాకు టెన్షన్‌గా ఉంది. అసలు దానికి దారేమిటి?
– ఒక తల్లి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, మీ భయం నాకు అర్థమైంది. కానీ ఈ దారిలో మన ఆడపిల్లలు ఎప్పుడో నడిచారు. 2007లో మన దేశం పశ్చిమ ఆఫ్రికాలోని లైబీరియాకు పూర్తిగా మహిళలతో కూడిన పోలీసు దళాన్ని పంపింది. ఐక్యరాజ్యసమితి చరిత్రలో అలాంటిది అదే మొదటిది. సీఆర్‌పీఎఫ్ నుంచి వెళ్లిన ఆ మహిళలు, అంతర్యుద్ధంలో నలిగిపోయిన ఆ దేశ రాజధాని మన్రోవియా వీధుల్లో రాత్రిళ్లు గస్తీ తిరిగారు. అక్కడి అమ్మాయిలకు ఆత్మరక్షణ నేర్పారు. అత్యాచారానికి గురైన స్త్రీ మగ పోలీసుకు చెప్పుకోలేనిది వీళ్లకు చెప్పుకోగలదు. ఆడవాళ్లు అక్కడ ఎందుకు కావాలో ఇంతకంటే చెప్పక్కర్లేదు. 2016లో ఆ దళం తిరిగొచ్చేనాటికి లైబీరియా భద్రతా రంగంలో మహిళలు 6 నుంచి 17 శాతానికి పెరిగారని నాటి అధ్యక్షురాలు ఎలెన్ జాన్సన్ సర్లీఫ్ చెప్పారు.

ఇక దారి. శాంతి దళ సిపాయిల కోసం ఐక్యరాజ్యసమితి నేరుగా నోటిఫికేషన్ ఇవ్వదు. ఇక్కడి సైన్యంలోనో పోలీసు బలగాల్లోనో చేరి కొన్నేళ్లు పనిచేసినవాళ్లనే ప్రభుత్వం పంపుతుంది. డబ్బు కడితే పోస్టు ఇప్పిస్తామనేవాళ్లను దగ్గరికి రానివ్వకండి.

డిగ్రీ అయ్యాక యూపీఎస్సీ పెట్టే సీడీఎస్ (కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్) పరీక్ష రాస్తే, చెన్నైలోని ఆఫీసర్ల శిక్షణ అకాడమీ (ఓటీఏ) ద్వారా ఆర్మీ ఆఫీసర్ కావచ్చు. దీనికి అమ్మాయికి పెళ్లి కాకూడదు. సంబంధాలు చూసే ఆలోచన ఉంటే ముందే ఇంట్లో మాట్లాడుకోండి. కాంగోలో పనిచేసి 2023 ఐక్యరాజ్యసమితి మిలిటరీ జెండర్ అడ్వకేట్ అవార్డు పొందిన మేజర్ రాధికా సేన్ ఆర్మీ ఆఫీసరే. పోలీసు వైపైతే సీఆర్‌పీఎఫ్ లాంటి కేంద్ర సాయుధ పోలీసు బలగాల (సీఏపీఎఫ్) అసిస్టెంట్ కమాండెంట్ పరీక్ష ఉంది, 20 నుంచి 25 ఏళ్ల లోపు రాయాలి. ఎస్సై స్థాయికి స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ (ఎస్సెస్సీ) పరీక్ష.

చాలామంది రాత పరీక్ష దాటి గ్రౌండులో ఆగిపోతున్నారు, నాకు బాధ కలిగించేది అదే. అసిస్టెంట్ కమాండెంట్‌కు అమ్మాయిలు 800 మీటర్లు 4 నిమిషాల 45 సెకన్లలో పరిగెత్తాలి, ఎత్తు సాధారణంగా 157 సెంటీమీటర్లు ఉండాలి. కోచింగ్ ఫీజు కట్టకముందే ఎత్తు కొలిపించండి, కళ్లు చూపించండి. ఇంగ్లీషు మాట్లాడటం, డ్రైవింగ్ ఇప్పటి నుంచే నేర్పించండి. విదేశీ మిషన్‌కు ఎంపిక చేసేటప్పుడు ఆ రెండూ అడుగుతారు.