పిల్లలతో రెండు రోజుల సిటీ ట్రిప్: ముందు యాప్‌కు మీ కుటుంబం గురించి చెప్పండి

ఈసారి వచ్చిన సందేహాల్లో ఎక్కువ భాగం సెలవుల ప్రయాణాల మీదే. పిల్లల్ని తీసుకుని రెండు మూడు రోజులు ఏదైనా నగరం చూసి రావాలి, ఖర్చు చేయి దాటకూడదు. ఉత్తరాలన్నీ వరుసగా చదువుతుంటే ఒక సంగతి బాగా కనిపించింది. ట్రావెల్ యాప్‌లు మనం ఏమీ చెప్పకపోతే ఒక్కరి కోసమో, ఇద్దరు పెద్దవాళ్ల కోసమో లెక్క వేస్తాయి. వెంట పిల్లలున్నారని చెప్పేదాకా వాటికి తెలియదు. బడ్జెట్ తప్పేది చాలాసార్లు అక్కడే.

ప్రశ్న: మేం నలుగురం. పొద్దున చూసిన విమాన టికెట్ ధర సాయంత్రానికి పెరిగింది. నేను వెతుకుతున్నానని తెలిసే పెంచుతున్నారా? ఇన్‌కాగ్నిటోలో చూస్తే తగ్గుతుందా?

ఇన్‌కాగ్నిటోను నమ్ముకోకండి. మీ ఫోన్‌లో హిస్టరీ, కుకీలు మిగలకుండా చూడటమే దాని పని. విమానంలో ఏ ధరకు ఎన్ని సీట్లు మిగిలాయన్నది దానివల్ల మారదు.

ధర మారడానికి అసలు కారణం ఇది. ఒకే విమానంలోని ఎకానమీ సీట్లను కూడా సంస్థలు కొన్ని ధరల మెట్లుగా విడదీసి అమ్ముతాయి. కింది మెట్టులో సీట్లు అయిపోతే పై మెట్టు ధర మొదలవుతుంది. కుటుంబాలకు దెబ్బ తగిలేది ఇక్కడే. కింది మెట్టులో రెండు సీట్లే మిగిలాయనుకోండి. మీరు నలుగురికి వెతికితే చాలా బుకింగ్ సిస్టమ్‌లు రెండు చవకగా, రెండు ఖరీదుగా ఇవ్వవు. నాలుగింటినీ పై మెట్టు ధరకే చూపిస్తాయి. అందుకే ముందు నలుగురికి, తర్వాత ఇద్దరికి వెతికి, తలకు ఎంత పడుతోందో పోల్చండి. తేడా బాగా ఉంటే రెండు బుకింగ్‌లు చేసుకోవచ్చు. కానీ ప్రతి బుకింగ్‌లోనూ ఒక పెద్దవాళ్లు, ఒక పిల్లో పిల్లాడో ఉండాలి. పిల్లలిద్దరినీ ఒక పీఎన్ఆర్‌లో విడిగా పెడితే వాళ్లు ఒంటరిగా ప్రయాణిస్తున్నట్టు లెక్కకొస్తుంది. పైగా విమానం రద్దయితే రెండు పీఎన్ఆర్‌లు రెండు వేర్వేరు విమానాలకు మారిపోయే అవకాశం ఉంది. తేడా కొద్దిపాటిదైతే నేను ఒకే బుకింగ్ చేయమనే చెబుతాను.

తేదీలు కాస్త అటూ ఇటూ జరపగలిగితే గూగుల్ ఫ్లైట్స్‌లో డేట్ గ్రిడ్ తెరవండి. వెళ్లే రోజు, వచ్చే రోజు మారిస్తే ధర ఎలా మారుతుందో ఒకే పట్టికలో కనిపిస్తుంది. అక్కడే ట్రాక్ ప్రైసెస్ ఆన్ చేస్తే ధర మారినప్పుడు మెయిల్ వస్తుంది, రోజూ కూర్చుని వెతకక్కర్లేదు. ఇంకో మాట. ఒళ్లో కూర్చోబెట్టుకునే పసిబిడ్డ టికెట్ రెండేళ్ల లోపు పిల్లలకే. ప్రయాణం చేసే రోజుకు వయసు ఎంతన్నదే చూస్తారు. ట్రిప్ మధ్యలో రెండో పుట్టినరోజు వస్తే తిరుగు ప్రయాణానికి సీటు కొనాల్సిందే. పుట్టిన తేదీ సరిగ్గా నమోదు చేయండి.

ప్రశ్న: యాప్‌లో చవకగా దొరికిందని హోటల్ బుక్ చేశాం. తీరా వెళ్లాక పిల్లలకు అదనంగా కట్టమన్నారు. ముందే తెలుసుకోవడం ఎలా?

వెతికేటప్పుడు గెస్టుల దగ్గర 'ఇద్దరు పెద్దలు' అని ముందే నింపి ఉంటుంది. చాలామంది దాన్ని అలాగే వదిలేస్తారు. పక్కనే పిల్లల సంఖ్య, ఒక్కొక్కరి వయసు అడిగే చోటు ఉంటుంది. అవి నింపి మళ్లీ వెతకండి. కొన్ని హోటళ్లు జాబితాలోంచి మాయమవుతాయి, కొన్నింటి ధర పెరుగుతుంది. మీ కుటుంబానికి అసలు ధర అదే. తర్వాత ఆ హోటల్ పేజీలో కిందికి వెళ్లి పిల్లలు, అదనపు మంచాల నిబంధన చదవండి. ఏ వయసు దాకా ఉన్న మంచం మీదే పడుకోనిస్తారు, ఏ వయసు నుంచి విడిగా వసూలు చేస్తారన్నది అక్కడ ఉంటుంది. 'ఫ్యామిలీ రూమ్' అని పేరున్నంత మాత్రాన అందులో నాలుగు పడకలు ఉంటాయనుకోవద్దు. మంచాల వివరం విడిగా చూడండి.

ఫలితాలను ధర ప్రకారం పేర్చే ముందు పన్నులు, ఇతర రుసుములు కలిపి చూపించే ఆప్షన్ ఉంటే ఆన్ చేయండి. అయినా ధర ఒక్కటే చూసి పేర్చితే ఊరికి దూరంగా ఉన్న హోటలే పైకి రావచ్చు. అక్కడి నుంచి రోజూ నలుగురు రావడానికి, పోవడానికి అయ్యే ఛార్జీలు కలిపితే ఆ చవక మిగలకపోవచ్చు. సాయంత్రానికి అలిసిపోయిన పిల్లలతో రెండు బస్సులు మారడం కష్టం కూడా. టాక్సీ ఎక్కేస్తాం, డబ్బు అక్కడ పోతుంది. అందుకే మీరు చూడదలచిన రెండు మూడు చోట్లను ముందు మ్యాప్‌లో సేవ్ చేసి, వాటి మధ్యలో హోటల్ వెతకండి.

ఉచిత రద్దు ఉన్న గది తీసుకుంటే మరో సౌకర్యం: గడువుకు ముందు ధర తగ్గితే కొత్తగా బుక్ చేసి పాతది రద్దు చేయొచ్చు. ఆ గడువు ఎక్కువగా హోటల్ ఉన్న చోటి సమయం ప్రకారం ఉంటుంది. ఫోన్‌లో రిమైండర్ దానికి తగ్గట్టు పెట్టుకోండి.

ప్రశ్న: రెండు రోజుల ప్లాన్ చాట్‌జీపీటీని అడిగి వేసుకోవచ్చా?

వేసుకోవచ్చు, కానీ దాన్ని చిత్తుప్రతిలా చూడండి. పిల్లల వయసులు, మధ్యాహ్నం నిద్ర వేళ, రోజుకు ఎంత నడవగలరు, మొత్తం బడ్జెట్ ఎంత అన్నవన్నీ మొదటి మెసేజ్‌లోనే చెప్పండి. పొద్దున ఒక పెద్ద చోటు, సాయంత్రం పిల్లలు పరుగెత్తగలిగే ఖాళీ చోటు చాలని కూడా చెప్పండి. లేకపోతే ఒక్క రోజులో ఏడెనిమిది చోట్లు కుక్కి ఇచ్చేస్తుంది.

నమ్మకూడనివి మూడు: పని వేళలు, టికెట్ ధరలు, సెలవు రోజులు. ఇవి తరచూ మారతాయి. చాట్‌బాట్ మాత్రం పాతదాన్నే నిక్కచ్చిగా చెప్పేస్తుంది, ఒక్కోసారి లేని చోటునే సృష్టిస్తుంది. చాలా మ్యూజియాలకు సోమవారం సెలవు. ప్యారిస్‌లోని లూవ్ర్‌కు మంగళవారం. ఇలాంటి తేడా ఒక్కటి తప్పినా రెండు రోజుల ట్రిప్‌లో సగం పోయినట్టే. ప్రతి చోటినీ దాని అధికారిక వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి.

ఆ వెబ్‌సైట్ కోసం వెతికేటప్పుడు పైన 'స్పాన్సర్డ్' అని వచ్చే లింకులు దాటి కిందికి వెళ్లండి. వాటిలో మధ్యవర్తులవి ఉంటాయి. చాలా మ్యూజియాల్లో ఒక వయసు దాకా పిల్లలకు ప్రవేశం ఉచితం. అధికారిక సైట్‌లో సున్నా ధరకు వచ్చే ఆ టికెట్‌కు మధ్యవర్తి సైట్ రుసుము వేయొచ్చు. ఒకే టికెట్‌తో నగరంలోని చాలా చోట్లు చూపించే సిటీ పాస్‌లతోనూ ఇదే జాగ్రత్త. పిల్లలు ఎలాగూ ఉచితంగా వెళ్లే చోట్లకు వాళ్ల పేరున పాస్ కొనడం దండగ.

ప్రశ్న: విదేశీ నగరంలో డేటా ఖర్చు లేకుండా మ్యాప్ వాడుకోవాలి. గూగుల్ మ్యాప్స్ ఆఫ్‌లైన్ సరిపోతుందా?

సగమే సరిపోతుంది. ప్రొఫైల్ ఫొటో నొక్కి ఆఫ్‌లైన్ మ్యాప్స్‌లోకి వెళితే కావలసిన ప్రాంతాన్ని డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. నెట్ లేకుండా కారు దారి చూపిస్తుంది. నడక దారి, బస్సు, మెట్రో వివరాలు మాత్రం ఆఫ్‌లైన్‌లో రావు. పిల్లలతో వెళ్లినవాళ్లకు కావలసినవి సరిగ్గా అవే. అందుకని దానికి తోడు ఆర్గానిక్ మ్యాప్స్ వేసుకోండి. ఉచితం, ప్రకటనలు ఉండవు, నెట్ లేకుండానే నడక దారి చెబుతుంది. 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉమ్మడి పటం మీద అది పనిచేస్తుంది. మీరు ఎక్కడున్నారో కనుక్కోవడానికి డేటా అక్కర్లేదు, ఫోన్‌లోని జీపీఎస్ ఉపగ్రహాల సిగ్నల్‌నే తీసుకుంటుంది.

మెట్రో, బస్సు దారులను ముందు రోజు రాత్రి హోటల్ వైఫైలో చూసి స్క్రీన్‌షాట్ తీసుకోండి. అప్పుడు గూగుల్ మ్యాప్స్‌లో ట్రాన్సిట్ ఆప్షన్లు తెరిచి తక్కువ నడక ఎంచుకోండి. స్ట్రోలర్ ఉంటే వీల్‌చెయిర్ ఆప్షన్ ఎంచుకోండి, మెట్ల దారులు తప్పించడానికి అది పనికొస్తుంది. నడకకు యాప్ చెప్పే సమయం పెద్దవాళ్ల మామూలు నడకది. చిన్నపిల్లలుంటే కనీసం దానిలో సగం అదనంగా కలుపుకోండి.

కొంచెం డేటా ఉండాలనుకుంటే ఈసిమ్ (ప్లాస్టిక్ కార్డు లేకుండా ఫోన్‌లోనే ఎక్కించుకునే సిమ్) సులువు. మీ ఫోన్‌లో *#06# డయల్ చేసి చూడండి, ఈఐడీ నంబర్ కనిపిస్తే ఈసిమ్ పనిచేస్తుంది. హాట్‌స్పాట్‌కు అనుమతి ఉన్న ప్లాన్ ఒక్కటి కొంటే ఇంటిల్లిపాదికీ చాలు. బ్యాంకు ఓటీపీలు పాత నంబర్‌కే వస్తాయి కాబట్టి ఆ సిమ్‌ను ఆపేయకండి, దాని డేటా రోమింగ్ మాత్రం ఆపండి.

ప్రశ్న: రద్దీలో తప్పిపోకుండా మా నాలుగేళ్ల బాబుకు ఎయిర్‌ట్యాగ్ పెట్టవచ్చా?

దాని మీదే ఆధారపడకండి. 2021లో యాపిల్ దాన్ని తెచ్చింది తాళాలు, బ్యాగుల వంటి వస్తువుల కోసం. అందులో జీపీఎస్ లేదు. చుట్టుపక్కల ఉన్న యాపిల్ పరికరాలు దాని బ్లూటూత్ సిగ్నల్‌ను పట్టుకుని చోటు చెబుతాయి. జనం మధ్య బాగానే పనిచేస్తుంది కానీ మీకు కనిపించేది కొన్ని నిమిషాల కిందటి చోటు కావచ్చు. పరుగెత్తే పిల్లాడి విషయంలో ఆ కొన్ని నిమిషాలే ముఖ్యం. పైగా అందులో ఉండేది సీఆర్2032 బటన్ బ్యాటరీ. పిల్లలు మింగితే ప్రాణం మీదికి వస్తుంది. పెట్టాలనుకుంటే బాబు చేతికి అందని చోట, బ్యాగు లోపలి అరలో పెట్టి కుట్టేయండి. ఐఓఎస్ 17 నుంచి ఒక ట్యాగ్‌ను మరో ఐదుగురితో పంచుకోవచ్చు, మీ భార్య లేదా భర్త ఫోన్‌ను కూడా చేర్చండి. లేకపోతే బాబు వాళ్లతో ఉన్నప్పుడు 'గుర్తు తెలియని ట్యాగ్ మీతో వస్తోంది' అని వాళ్ల ఐఫోన్‌కు హెచ్చరికలు వస్తుంటాయి.

వీటన్నిటికంటే ముందు చేయాల్సింది: బాబు చేతికి మీ ఫోన్ నంబర్ రాసిన బ్యాండ్ కట్టండి. రోజూ గది నుంచి బయల్దేరే ముందు తల నుంచి చెప్పుల దాకా కనిపించేలా ఒక ఫొటో తీయండి. తప్పిపోతే ఆ రోజు వేసుకున్న బట్టలు మాటల్లో చెప్పక్కర్లేదు, ఫొటో చూపిస్తే చాలు.

ప్రశ్న: 20,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంక్ విమానంలోకి రానిస్తారా?

రానిస్తారు, చేతి సామానులో మాత్రమే. చెక్-ఇన్ బ్యాగులో పెట్టకూడదు. పరిమితి 100 వాట్-అవర్లు. ఎంఏహెచ్‌ను 3.7తో గుణించి వెయ్యితో భాగిస్తే వాట్-అవర్లు వస్తాయి. మీది 74, పరిమితి లోపే. దాని మీద అంకెలు చెరిగిపోయి ఉంటే తీసుకెళ్లకండి, తనిఖీలో ఆపేయవచ్చు. విమానంలో దాన్ని వాడటాన్ని కొన్ని సంస్థలు నిషేధిస్తున్నాయి కాబట్టి ఫోన్లు, టాబ్ ఎక్కే ముందే నిండుగా ఛార్జ్ చేయండి.

ప్రశ్న: పిల్లల కోసం డౌన్‌లోడ్ చేసిన వీడియోలు దారిలో ప్లే కాలేదు. ఎందుకు?

గడువు తీరి ఉండొచ్చు. డౌన్‌లోడ్‌లకు కాలపరిమితి ఉంటుంది. నెట్‌ఫ్లిక్స్‌లో కొన్ని, మొదటిసారి ప్లే నొక్కిన 48 గంటల్లో పోతాయి. అందుకే వారం ముందు కాకుండా బయల్దేరే ముందు రాత్రి డౌన్‌లోడ్ చేయండి. తర్వాత టాబ్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, పిల్లల ప్రొఫైల్‌లోంచే తెరిచి, ప్రతి వీడియోనూ కొన్ని సెకన్లు ఆడించి చూడండి. హెడ్‌ఫోన్స్ కూడా అప్పుడే గుచ్చి చూడండి, కొత్త టాబ్‌లు చాలావాటికి ఆ రంధ్రమే ఉండదు.