తాళం లేని పాటలే కొనుక్కో

చిట్టీ,

లాప్‌టాప్‌లో విండోస్ తీసేసి ఉబుంటు లినక్స్ వేశావనీ, ఇకమీదట పాటలు డబ్బు పెట్టి కొనుక్కుంటానంటున్నావనీ మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది, అదీ ఏదో ఫిర్యాదు చేస్తున్నట్టు. నాకైతే బ్రాడీపేటలో అందరినీ పిలిచి చెప్పాలనిపించింది. ఆ వెంటనే భయమూ వేసింది.

2008లో నేనూ ఇదే పని చేశాను. అప్పట్లో ఉబుంటు సీడీ అడిగితే ఉచితంగా పోస్టులో పంపేవాళ్ళు, 8.04 అలాగే వచ్చింది. అప్పటికే ఒక సైట్లో మీ అమ్మమ్మ కోసం నలభై దాకా పాటలు కొని ఉన్నాను, ఎక్కువ బాలమురళి గారివే. విజయవాడ రేడియోలో భక్తిరంజని వినందే ఆవిడకి తెల్లారేది కాదు, ఇక సాయంత్రం కూడా వినొచ్చులే అని నేనే ఊరించాను. పాటలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, చాలా తెలివైనవాణ్ణనుకుని, డిస్కు మొత్తం ఫార్మాట్ కొట్టాను. ఉబుంటు చక్కగా వచ్చింది, పాట నొక్కితే మాత్రం ఉలుకూ పలుకూ లేదు. ఆ రోజుల్లో ఎంపీ3కి కూడా కోడెక్, అంటే ఆ ఫైలుని పాడించే ముక్క, విడిగా వేసుకోవాల్సొచ్చేది, ఇదీ అదేనేమోనని రాత్రంతా కుస్తీ పట్టాను, అమ్మమ్మ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. తెల్లవారుజామున అర్థమైంది: అవి డీఆర్ఎం తాళం, అంటే లైసెన్సు లేనిదే పాడనివ్వని తాళం, వేసిన ఫైళ్ళు, వాటి లైసెన్సు విండోస్‌తో పాటే చెరిపేశాను. బీరువా కొత్తింటికి మోసుకొచ్చి, తాళంచెవి ఉన్న పాతిల్లు పడగొట్టుకున్నట్టు. "పోనీలేరా, రేడియో పెట్టు" అని ఆవిడ లేచి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

అందుకే చెప్తున్నా, డీఆర్ఎం ఉందో లేదో చూడకుండా కార్డు నంబరు కొట్టావో, నాతో మాట్లాడకు! స్ట్రీమింగ్ యాప్‌లో డౌన్‌లోడ్ అయిన పాట నీది కాదు, నెల డబ్బులు ఆపితే అదీ ఆగుతుంది. పాటలమ్మే యాపిల్ వాళ్ళ ఐట్యూన్స్ ప్రోగ్రాం లినక్స్‌కి లేదు. బ్యాండ్‌క్యాంప్ అని పాటలమ్మే విదేశీ సైటుంది, అందులో తాళం గొడవ లేదు, బ్రౌజర్లోంచే దించుకోవచ్చు. ఫ్లాక్ ఫైలు తీసుకో, చోటు ఎక్కువ తిన్నా సరే, అందులో శబ్దం ఏమీ పోదు. దాన్నుంచి ఎంపీ3 ఎప్పుడైనా చేసుకోవచ్చు, ఎంపీ3లో పోయింది మాత్రం మళ్ళీ రాదు. కార్డుకి ఇంటర్నేషనల్ చెల్లింపులు ఆన్ చేసి, కొన్నాక ఆపెయ్యి. జిప్ విప్పి మ్యూజిక్ ఫోల్డర్లో పడేస్తే పాటలు పాడించే రిథమ్‌బాక్స్ ప్రోగ్రాం చూసుకుంటుంది. ఇంకో డిస్కులో కాపీ ఉంచు, చెప్పాలా?

ఆదివారం పొద్దున్నే బస్సెక్కి వచ్చెయ్. బాలమురళి గారివి తర్వాత సీడీలు కొన్నానులే, అమ్మమ్మ వినే పోయింది. అవి నీకే ఇచ్చేస్తా, నీ చేత్తోనే ఎక్కించుకుందువుగాని. నీ లాప్‌టాప్‌కి సీడీ డ్రైవ్ ఉండదుగా, నాది తీసి తుడిచి పెట్టాను.

మామయ్య