పాత డీలర్ కారు బొమ్మ వంకరపోతే నకిలీదేనా?

ఎస్టేట్ సేల్‌లో (ఒక ఇంటి సామానంతా అమ్మేసే చోట) కొన్న 1950ల కారు బొమ్మకి టాపు కుంగిపోయిందని, ముందు చక్రాలు బల్లకి ఆనడం లేదని, నకిలీది అంటగట్టారేమోనని అడిగారు. చాలావరకు అది అసలుదే అయ్యుంటుంది. ఆ వంకరే నాకు ధైర్యం.

నేనుండేది అమెరికాలో కార్ల తయారీకి పేరుపడ్డ డెట్రాయిట్ పక్కన. కొత్త మోడల్ రాగానే కార్ల కంపెనీలు ఇలాంటి బొమ్మలు చేయించి షోరూములకి పంపేవి. పెద్దవాళ్లు కారు చూస్తుంటే పిల్లాడి చేతిలో బొమ్మ. వీటినే ఇక్కడివాళ్లు ప్రమోలు అంటారు.

మొదట్లో ఇవి లోహంవే. 1934లో షికాగోలోని నేషనల్ ప్రొడక్ట్స్ అనే కంపెనీ స్టూడీబేకర్ కారు బొమ్మని పోతపోసింది. యుద్ధం తర్వాత అదే ఊరి బాన్‌థ్రికో కంపెనీ కారు బొమ్మలని హుండీలుగా చేసింది. అడుగున చిల్లర వేసే కంత ఉంటుంది, చేతిలో పెడితే బరువు తెలిసిపోతుంది. 1948లో ఏఎంటీ అనే బొమ్మల కంపెనీ మొదలైంది. ఏఎంటీ అంటే అల్యూమినియం మోడల్ టాయ్స్. తొలి ఫోర్డ్ సెడాన్ నిజంగానే అల్యూమినియం పోత, దానికి వేసింది ఫోర్డ్ వాళ్ల అసలు రంగు. కొద్దికాలానికే ప్లాస్టిక్‌కి మారిపోయారు, అల్యూమినియం పేరులోనే మిగిలింది.

అసలు చిక్కంతా ఆ ప్లాస్టిక్‌తోనే. అది సెల్యులోజ్ ఎసిటేట్. పెళుసు కాకుండా కలిపిన ప్లాస్టిసైజర్ ఏళ్ల తరబడి మెల్లగా బయటికి పోతుంది. పైగా అది తేమ పీల్చుకుంటుంది. దాంతో బొమ్మ కుంచించుకుపోయి, ఎండలో పెట్టిన అప్పడంలా అంచులు లేస్తాయి. 1960ల మొదట్లో స్టైరీన్ అనే వేరే ప్లాస్టిక్ వచ్చాక ఈ బాధ తగ్గింది. అందుకే 1955 నాటి బొమ్మ ఏ వంకరా లేకుండా మరీ సాపుగా ఉంటేనే నేను అనుమానంగా చూస్తాను.

దయచేసి సరిచేయబోకండి. లేత ఆకుపచ్చ సెడాన్ ఒకటి కొన్న కొత్తలో నేను హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి, రాత్రంతా అట్లపెనం కింద పెట్టాను. పొద్దున్నే సాపుగా ఉంది, ఇంట్లో అందరికీ చూపించాను. నెల తిరక్కుండానే మళ్లీ వంగింది, ఈసారి అద్దం పక్క కమ్మీ కూడా విరిగింది.

వెనిగర్ వాసన వస్తుందేమో చూడండి. వస్తే ఎసిటేట్ చెడిపోతోందన్నమాట, గాలాడని షోకేసులో మిగతావాటితో కలిపి పెట్టొద్దు. కిటికీ దగ్గర అసలే వద్దు. చక్రాలు ఆనకపోతే కింద అట్టముక్క పెట్టండి. నా సెడాన్ పదేళ్లుగా మడిచిన విజిటింగ్ కార్డు మీదే నిలబడుతోంది.