నీ కథలో పడవ ఎందుకు కారలేదు?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ చేరి మూడు వారాలైంది. చదివిన రోజే జవాబు రాద్దామని కూర్చున్నాను గానీ, ఆ రోజు రాసి ఉంటే నువ్వు కథలు రాయడమే మానేసేదానివి. కోపం తగ్గేదాకా ఆగాను. పూర్తిగా తగ్గలేదు.

నీ ముసలాయన పడవను పదేళ్లు ఒడ్డున బోర్లించి ఉంచాడు. చివరి పేజీలో ఒక సాయంత్రం దాన్ని నీళ్లలోకి తోశాడు. అది "హంసలా తేలింది" అని రాశావు. అమ్మాయీ, పదేళ్లు ఎండిన కొయ్య పడవ హంసలా తేలదు. మునుగుతుంది. ఎండకి పలకలు ముడుచుకుపోయి, పలకకీ పలకకీ మధ్య సందులు విచ్చుకుంటాయి. కింద దూరి చూస్తే వాటిలోంచి ఆకాశం కనిపిస్తుంది. నీళ్లలో దించగానే ప్రతి సందూ ఒక ఊట అవుతుంది. ఒక వేసవి ఎండినదైతే ఒకటి రెండు రోజులు తోడిపోస్తూ కూర్చుంటే చాలు, కొయ్య నీళ్లు తాగి ఉబ్బి, పలకలు ఒకదాన్నొకటి ఒత్తుకుని, కారడం తగ్గుతుంది. పదేళ్లదానికి అదీ చాలదు. సందుల్లో పాత దూది పీకేసి, కొత్తది ఉలితో కుక్కి, పైన తారు పూయాలి. అప్పుడు కూడా మొదటి రాత్రి కారుతుంది.

నీ కథ ఆ మొదటి రాత్రిలో ఉంది. పాదాలు మునిగేంత నీళ్లలో, తన పడవలోనే కూర్చుని, డబ్బాతో తోడిపోస్తున్న ముసలాయన. నీళ్లు తగ్గుతున్నాయో లేదో చీకట్లో తెలీదు, కాలి మడమ మీద వేలు పెట్టి కొలుచుకోవాలి. ఇదంతా వదిలేసి హంసని తెచ్చావు.

ఇంకొకటి. ఉప్పునీరు పడవను కుళ్లబెట్టిందని రాశావు. ఉప్పు కొయ్యను కాపాడుతుంది. కుళ్లబెట్టేది వాన నీరు, అదీ గాలి తగలని మూలల్లో నిలిచిపోయిన వాన నీరు. సముద్రంలో కొయ్యకి శత్రువు వేరే ఉంది, ఓడపురుగు. పేరుకి పురుగే గానీ ఆల్చిప్పల జాతిది. బయటికి సూదిబెజ్జమంత కన్నం, లోపలంతా సొరంగాలు. నీకు ఇవన్నీ అనవసరం అనిపించవచ్చు. ముసలితనం గురించి రాస్తానన్నదానివి నువ్వు, పాతబడడం ఎలా జరుగుతుందో తెలుసుకోవాల్సిన బాధ్యతా నీదే.

ఒక్క వాక్యం మాత్రం బాగుంది. ముసలాయన వేలి కణుపులతో పలకల మీద తట్టి, చెవి ఆన్చి వింటాడు. మంచి కొయ్య ఖంగుమంటుంది, కుళ్లినది మూగగా పలుకుతుంది. అది నువ్వు ఎక్కడో చూశావు. మిగతాది చదివి రాశావు.

నాకొక మొండితనం ఉంది, నీతో దాచడం దేనికి? పాత వస్తువు మీద ప్రేమ గురించి రాసేవాడు దాని మరమ్మతుల గురించి రాయాలి. ఏ పలక ఏ ఏడు మార్చారు, కొత్త మేకు పాత కన్నంలో ఎందుకు నిలవలేదు, ఆ ఎడమ పక్క తేడా రంగు ఎలా వచ్చింది. ఇవి చెప్పకుండా అనుబంధం, సంధ్యాకాంతి అంటే నేను ఒక్క ముక్క నమ్మను. ఇప్పుడు పాతదేది కనిపించినా నాస్టాల్జియా అంటున్నారు. తుప్పు పట్టిన తాళంచెవి మీద కూడా మూడు పేజీలు. ఆ తాళం తెరుచుకుంటుందా అని అడిగేవాడు లేడు.

ఈ మొండితనానికి నేను మూల్యం చెల్లించాను. నా మొదటి పడవ కథలో ఆరు పేజీలు మరమ్మతే. ఒక సంపాదకుడు ఆ ఆరూ కొట్టేసి, చివర తనే ఒక సూర్యాస్తమయం కలిపి అచ్చువేశాడు. బొమ్మలో నా పడవకి తెరచాప కూడా పెట్టించారు, దానికి ఎప్పుడూ లేదు. పాఠకుల ఉత్తరాలు వచ్చాయి. అందరూ సూర్యాస్తమయాన్నే మెచ్చుకున్నారు. ముప్పై ఏళ్లు దాటినా ఆ మంట ఆరలేదు. ఆయన ఇప్పుడు లేరు, ఉంటే ఈ పేరా కూడా కొట్టేసేవారు.

నీ కథలో మనవడు ఒక ప్రశ్న వేస్తాడు, పలకలన్నీ మార్చాక ఇది అదే పడవా అని. నువ్వు కనిపెట్టినదేం కాదు. గ్రీకు పురాణ వీరుడు థీసియస్ తిరిగి వచ్చిన ముప్పై తెడ్ల నావను ఏథెన్సు వాళ్లు పాత పలకలు తీసి కొత్తవి వేస్తూ కాపాడుకున్నారనీ, దాని మీద తత్వవేత్తలు వాదించుకున్నారనీ ప్రాచీన గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. నాకు ఆ తత్వవేత్తల మీద కంటే ఆ వడ్రంగుల మీద ఆసక్తి. నీళ్లు తోడేవాడికి ఆ అనుమానం రాదు.

వయసుకీ వాడకానికీ తేడా చెప్పాలంటే స్టాక్‌హోమ్‌లోని వాసా ఓడ ఉంది. 1628లో మొదటి ప్రయాణంలోనే ఒకటిన్నర కిలోమీటరైనా పోకుండా మునిగింది. 1961లో పైకి తీశారు. ఆ నీళ్లలో ఉప్పు తక్కువ కాబట్టి ఓడపురుగు లేదు, కొయ్య చాలావరకు అలాగే ఉంది. ఎండిపోయి పగలకుండా మైనంలాంటి పదార్థాన్ని 17 ఏళ్లు చల్లారు. అద్భుతమే. కానీ దాని మెట్ల మీద అరుగుదల ఎంతుంటుంది? ఎవరు తిరిగారని?

నా పడవ కొని 43 ఏళ్లయింది. పాత పడవలకి నడుము పైకి ఎత్తుకుని, రెండు కొనలూ కిందికి వాలతాయి. మధ్య భాగం వెడల్పు కాబట్టి నీరు అక్కడ ఎక్కువ మోస్తుంది, కొనలకి ఆ ఆసరా తక్కువ. నా దానికీ అదే వచ్చింది. మేస్త్రీ చూసి, "తిప్పాలంటే కాస్త ముందే మొదలుపెట్టండి, అంతే" అన్నాడు. కుర్చీలోంచి లేవాలంటే నేనూ ఇప్పుడు కాస్త ముందే మొదలుపెడుతున్నాను. (చూశావా, నిన్ను తిట్టి నేనే పోలికలోకి జారాను.)

తెడ్డు సంగతి మాత్రం పోలిక కాదు. పిడి మీద నా పట్టు పడే చోట గుంట పడింది, నున్నగా, బొటనవేలు దానంతటదే వెళ్లి కూర్చునేంత. అరవై దాటాక భుజం నొప్పి వల్ల పట్టు నాలుగు వేళ్లు కిందికి దిగింది. చాలా రోజులు మొండిగా పాత చోటే పట్టుకుని లాగాను, రాత్రంతా మూలిగాను. తరవాత ఒప్పుకున్నాను. ఇప్పుడు ఆ కింద ఇంకో గుంట మొదలైంది, ఇంకా లోతు రాలేదు, వెలుతురు పక్కనుంచి పడితేనే కనిపిస్తుంది. పని ఆగిపోయాక అప్పుడప్పుడు ఊరికే దాన్ని తడుముతూ కూర్చుంటాను. మొదటిది పడుతున్నప్పుడు నేను చూడలేదు, అప్పుడంతా తొందరే. దీన్ని చూస్తున్నాను.

నువ్వేమో నీ ముసలాయన్ని ఆ రాత్రే పడవలో చంపేశావు. మీ వయసు వాళ్లకి కథలో ముసలివాడు దొరికితే చాలు, చంపేదాకా నిద్రపట్టదు. బతకనియ్యి. తెల్లారి ఇంకోసారి తోడనియ్యి.

కలం పేరు పెట్టుకోవాలా, ఏ పత్రికకి పంపాలి, కథ ఎన్ని పేజీలుండాలి అని అడిగావు. అవి తరవాత ఎప్పుడైనా. ముందు ఎక్కడైనా ఒక పడవకి సందులు పూడుస్తుంటే పోయి ఒక రోజు కూర్చో. నోట్‌బుక్ తీసుకెళ్లకు, చేతులకి తారు అంటితే రాయలేవు.

ఇక ఆపుతాను. తారు కాగిందని కుర్రాడు రెండోసారి పిలుస్తున్నాడు, చల్లారితే సందులోకి దిగదు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు